మహావృక్షాలు - మనుషుల తప్పులు

దూరదేశాలకు వెళ్లివచ్చినవారు వ్రాసే యాత్రా విశేషాలలో ఒక దోషం తరచుగా కనిపిస్తుంది. చూచిన వస్తువు ఎంత పెద్దదో, ఎంత ఎత్తైనదో, ఎంత పాతదో చెప్పి పాఠకుణ్ణి అబ్బురపరచి, అంతటితో కలం పక్కన పెడతారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి తూర్పుభాగాన, సియెర్రా నెవాడా పర్వతశ్రేణిలో వెలసిన సెకోయా జాతీయవనాన్ని గురించి వ్రాయబూనినప్పుడు ఆ దోషంలో పడే ప్రమాదం మరింత ఎక్కువ. ఎందుకంటే లోకంలోకెల్ల పెద్ద చెట్లు అక్కడే ఉన్నవి. అయినా నేను చెప్పదలచిన విషయం వాటి పరిమాణం కాదు. ఆ చెట్ల విషయంలో మనుషులు నూరేళ్లకు పైగా చేసిన తప్పులు, ఆ తప్పులను వారు ఒప్పుకొన్న పద్ధతి, దిద్దుకొనడానికి పడుతున్న తంటాలు - ఇవి నన్ను ఆలోచింపజేశాయి. వాటిని విద్యార్థులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక వేసవి సెలవులలో మా అక్కగారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ వనాన్ని చూచే అవకాశం కలిగినది. ఫ్రెస్నో పరిసరాల మైదానంలో నారింజతోటల మధ్యగా సాగిన రోడ్డు త్రీ రివర్స్ అనే చిన్న ఊరు దాటగానే కొండలెక్కడం మొదలుపెడుతుంది. వనద్వారం వద్ద ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగులు మాత్రమే. అక్కడి ఎండ మన రాయలసీమ ఎండను జ్ఞప్తికి తెచ్చినది. మెలికలు తిరిగే ఆ ఘాటురోడ్డుపై గంటసేపు ప్రయాణించి 6,400 అడుగుల ఎత్తుకు చేరేసరికి శాలువా కప్పుకొనవలసి వచ్చినది. ఆ ఎత్తుననే ‘జెయంట్ ఫారెస్ట్’ అనే మహావృక్షాల తోపు ఉన్నది. 1875లో అక్కడికి వచ్చిన ప్రకృతిప్రేమికుడు జాన్ మ్యూర్ దానికా పేరు పెట్టాడు.

తోపులో అన్నిటికంటె పెద్దదైన చెట్టును ‘జనరల్ షెర్మన్’ అంటారు. ఎత్తు 274.9 అడుగులు. నేలమట్టాన చుట్టుకొలత 102.6 అడుగులు. మాను ఘనపరిమాణం సుమారు 52,500 ఘనపుటడుగులు. వయస్సు రెండువేల ఏళ్లకు పైబడినదని అంచనా. అంటే శాతవాహనుల కాలం నుండి అది అక్కడ నిలబడి ఉన్నదన్నమాట. లోకంలోకెల్ల ఎత్తైన చెట్టు ఇది కాదు. ఆ ఘనత కాలిఫోర్నియా సముద్రతీరాన పెరిగే దాని దాయాది జాతిది. లోకంలోకెల్ల ముసలి చెట్టు కూడ ఇది కాదు. మాను మొత్తపు పరిమాణంలో మాత్రం ఒంటి మాను చెట్లలో దీనిని మించినది లేదు. ఎత్తులోనో, వయస్సులోనో మొదటిస్థానం దక్కకపోయినా మొత్తం మీద గొప్పదనం సాధించవచ్చునని మార్కుల పట్టిక చూచి దిగులుపడే విద్యార్థులకు ఈ చెట్టును చూపి చెప్పవచ్చును.

చెట్టు చుట్టూ కట్టిన దడి దగ్గర చాలమంది జనం. ప్రతివారి చేతిలోను కెమెరా ఉన్న ఫోను. ఎవరి చిత్రంలోనూ చెట్టు పూర్తిగా ఇమడడం లేదు. మనిషి కనబడితే చెట్టు కొస కనబడదు. కొస కనబడితే మనిషి కనబడడు. ఆ సందడిలో మా మేనకోడలు, ఎనిమిదేళ్ల పిల్ల, చెట్టు మొదట నల్లగా గుహవలె ఉన్న మచ్చను చూపి, “మామూ, దీన్నెవరు కాల్చారు?” అని అడిగినది. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ చదివిన చదువే ఈ వ్యాసానికి మూలం.

సెకోయా చెట్టు అగ్నికి శత్రువు కాదు. దాని బెరడు కొన్నిచోట్ల రెండడుగుల మందం ఉంటుంది. సాధారణమైన కార్చిచ్చు ఆ బెరడును కాటువేసి పోతుందే కాని ప్రాణం తీయలేదు. అంతేకాదు, ఆ చెట్టు సంతానానికి నిప్పు అవసరం. అంత పెద్ద చెట్టు కాయ కోడిగుడ్డంతే ఉంటుంది. ఒక్కొక్క కాయలో సుమారు 200 విత్తనాలు. ఆ విత్తనాలెంత తేలికైనవంటే ఒక పౌను బరువుకు దాదాపు 91,000 తూగుతాయి. పచ్చని కాయలు ఏళ్ల తరబడి కొమ్మలనంటి మూసుకొనే ఉంటాయి. క్రింద మంట రేగి, ఆ వేడిగాలి పైకెక్కినప్పుడు కాయలు ఎండి విచ్చుకొని విత్తనాలు రాలుతాయి. అప్పటికే మంట నేలమీది ఆకుచెత్తను కాల్చి మట్టిని బయటపెట్టి ఉంటుంది. పైకప్పువలె అల్లుకొన్న చిన్నచెట్లు కొన్ని కాలిపోయి ఎండపొడ నేలకు దిగుతుంది. బూడిద కలిసిన ఆ మెత్తని మట్టిలో విత్తనం మొలకెత్తుతుంది. మంట లేనిచోట ముసలిచెట్లుంటాయి. పసిమొక్కలు మాత్రం కనబడవు.

ఈ రహస్యం ఆ కొండలలో పూర్వం నుండి నివసించిన వెస్టర్న్ మోనో మొదలైన ఆదివాసులకు అనుభవపూర్వకంగా తెలుసు. వారు అడవిలో అప్పుడప్పుడు చిన్నచిన్న మంటలు పెట్టి తుప్పలను పెరగనిచ్చేవారు కారు. పిడుగులు కూడ ఆ పనే చేసేవి. 1858లో హేల్ థార్ప్ అనే తెల్లజాతి రైతును తోపుకు వెంటబెట్టుకొని వెళ్లి చూపించినది ఆ ప్రజలే. తరువాత కొద్ది సంవత్సరాలలోనే తెల్లవారితోపాటు వచ్చిన తట్టు, మశూచి వంటి వ్యాధులు వారిలో ఎందరినో పొట్టనబెట్టుకొన్నవి. మిగిలినవారు చెదరిపోయారు. హాస్పిటల్ రాక్ అనేచోట బండమీద వారు వ్రాసిన ఎర్రని బొమ్మలు, పిండి దంచుకొన్న గుంటలు నేటికీ ఉన్నవి. వారి చేతులలోని చిన్న మంట ఆరిపోయినది. ఇది మొదటి తప్పు. దానిని తప్పు అని గుర్తించడానికే నూరేళ్లు పట్టినది.

రెండవ తప్పు గొడ్డలిది. ఇప్పటి వనానికి ఉత్తరంగా కాన్వర్స్ బేసిన్ అనే గొప్ప తోపు ఉండేది. 19వ శతాబ్దం చివరి దశకంలో మొదలుపెట్టి కలప కంపెనీలు దానిని నరికివేశాయి. విచిత్రమేమంటే సెకోయా కలప పెళుసు. అంత బరువైన మాను నేలకూలినప్పుడు ముక్కముక్కలుగా చిట్లిపోయేది. మిగిలిన ముక్కలు ఇళ్లపై కప్పే చెక్కపెంకులకు, దడులకు, ద్రాక్షతోటలలో పాతే గుంజలకు ఉపయోగపడినవి. రెండువేల ఏళ్లు పెరిగిన చెట్టు ద్రాక్షతీగకు ఊతకర్రగా ముగిసిపోవడం కంటె దుర్వ్యయం మరొకటి ఉంటుందా? 1892లో అక్కడనే ఒక మహావృక్షాన్ని నరికి, ముక్కలు చేసి, మరుసటి సంవత్సరం షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మళ్లీ అతికించి నిలబెట్టారు. స్వామి వివేకానందుడు సర్వమత సభలో ప్రసంగించినదీ, ఇస్లాం పక్షాన అలెగ్జాండర్ రసెల్ వెబ్ మాట్లాడినదీ ఆ ప్రదర్శన సందర్భంలోనే. చెట్టును చూచిన జనంలో చాలమంది ఇంత చెట్టు ఉండదు, ఇది కాలిఫోర్నియావారి మోసం అన్నారట. నమ్మించడానికి చంపారు, చంపినా నమ్మలేదు. ఆ మొద్దు నేటికీ అడవిలో నిలిచి ఉన్నది.

మహావృక్షాల నరికివేతను చూచి కలత చెందినవారి ఆందోళన ఫలితంగా 1890 సెప్టెంబర్ 25న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సంతకంతో సెకోయా జాతీయవనం ఏర్పడినది. అయితే కాపలా ఎవరు? ప్రత్యేకమైన వనశాఖ 1916 వరకు లేదు. అందువల్ల సైన్యాన్ని పంపేవారు. 1903లో ఆ బాధ్యత కెప్టెన్ చార్లెస్ యంగ్‌కు వచ్చినది. ఆయన నల్లజాతివాడు. 1864లో కెంటకీ రాష్ట్రంలో బానిసగా పుట్టినవాడు. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో పట్టం పొందిన మూడవ నల్లజాతి విద్యార్థి. ఒక జాతీయవనానికి పర్యవేక్షకుడైన మొదటి నల్లజాతీయుడు. ఆయన సైనికులు కూడ నల్లవారే. అంతకుముందు మూడు వేసవులలో సాగినదానికంటె ఎక్కువ పని ఆ ఒక్క వేసవిలో చేసి, బండ్లు జెయంట్ ఫారెస్ట్ వరకు చేరేటట్లు దారి వేశారు. సామాన్యప్రజలు ఆ చెట్లను కళ్లారా చూడగలగడం అప్పటినుండే మొదలైనది. కృతజ్ఞతతో ఒక చెట్టుకు ఆయన పేరు పెడదామన్నప్పుడు ఆయన అప్పటికి వద్దన్నారు. నల్లవారి విద్యకోసం పాటుపడిన బుకర్ టి. వాషింగ్టన్ పేరు ఒక చెట్టుకు పెట్టించారు. యంగ్ పేరు మరొక చెట్టుకు పెట్టడానికి నూరేళ్లు పట్టినది. 2022లో, మరణించిన శతాబ్దం తరువాత, ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా లభించినది.

మనవంటి మైనారిటీ విద్యాసంస్థలో చదివే పిల్లలు ఈ వ్యక్తిని తప్పక తెలుసుకోవాలి. ఆ దేశంలో ఆయన జాతివారిని అనేక చోట్ల రైలుపెట్టెలలోనూ, బడులలోనూ వేరుగా కూర్చోబెట్టే రోజులవి. అటువంటి రోజులలో ఆ దేశపు సంపదలోకెల్ల గొప్ప సంపదను కాపాడే పని ఆయన చేతికి వచ్చినది. ‘నాకు న్యాయం చేయని దేశపు చెట్లతో నాకేమి పని’ అని ఆయన అనలేదు. చేతికి వచ్చిన పనిని అందరికంటె బాగా చేసి, పేరు వద్దని వెళ్లిపోయాడు. హక్కులకోసం అడగవద్దని దీని అర్థం కాదు. అడిగే నోటికి బలమిచ్చేది చేసి చూపిన పని అని మాత్రమే నా అభిప్రాయం.

ఇక పేరును గురించి మరొక మాట. సెకోయా అన్న పదం చెరోకీ జాతికి చెందిన ఒక ఆదివాసి పేరు నుండి వచ్చినదని చాలమంది పండితుల విశ్వాసం. ఆ సెకోయా అక్షరజ్ఞానం లేనివాడై ఉండి కూడ తన మాతృభాషకు 1821 నాటికి లిపిని కల్పించాడు. ఇంగ్లీషులో వలె వర్ణానికొక గుర్తు కాక, మన తెలుగులో వలె ఒక్కొక్క అక్షరధ్వనికి ఒక్కొక్క గుర్తు చొప్పున 80కి పైగా గుర్తులు. స్వల్పకాలంలోనే ఆ జాతిలో చదువు వ్యాపించి, 1828లో ఆ లిపిలో పత్రిక కూడ వెలువడినది. 1847లో ఆ జాతి వృక్షాలకు ఈ పేరు పెట్టిన ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఎండ్లిఖర్ భాషలలోనూ పండితుడే. ఒక చిన్న జాతి భాషను నిలబెట్టినవాని పేరు లోకంలోకెల్ల పెద్ద చెట్టుకు దక్కడం రెండు భాషలను పోషించుకొంటున్న మన కళాశాలకు సంతోషం కలిగించవలసిన విషయం. అందులోనే ఒక విషాదమూ ఉన్నది. జాతికి ఆదివాసి పేరు పెట్టి, ఆ జాతిలోని అతిపెద్ద చెట్టుకు మాత్రం ఆదివాసులపై యుద్ధాలు నడిపించిన సేనాని షెర్మన్ పేరు పెట్టారు.

గొడ్డలి ఆగినది. తరువాతి తప్పు ప్రేమతో చేసినది. అదే అన్నిటికంటె పెద్ద తప్పయినది. వనాన్ని కాపాడడమంటే మంటను ఆర్పడమని అధికారులు తలచారు. చిన్న పొగ కనబడినా పరుగెత్తి ఆర్పివేశారు. దశాబ్దాలపాటు వారు తమ కర్తవ్యాన్ని శ్రద్ధగా నిర్వర్తించారు. ఆ శ్రద్ధ ఫలితంగా నేలమీద ఆకులు, కొమ్మలు, పడిపోయిన మాకులు గుట్టలుగా పేరుకొన్నవి. నీడలో పెరిగే వైట్ ఫర్ వంటి చెట్లు కిక్కిరిసి, నేలమీది మంట మహావృక్షాల తలలదాక ఎక్కడానికి నిచ్చెనలవలె తయారయినవి. సెకోయా పిల్లమొక్కలు మాత్రం మొలవడం లేదు. 1960లలో హార్టెస్వెల్ట్ వంటి శాస్త్రజ్ఞులు తోపులలో చిన్న మంటలు పెట్టి పరీక్షించి చూచినప్పుడు కాలిన నేలలో మొలకలు పుట్టుకొచ్చినవి. 1968 నుండి వనాధికారులు తామే పథకం ప్రకారం అదుపులో మంటలు పెట్టడం ప్రారంభించారు. అంతవరకు మంట ఆర్పడమే ధర్మమని బోధించిన శాఖ, ఇక మంట పెట్టడం కూడ మా ధర్మమని ప్రజలముందు చెప్పవలసి వచ్చినది. ఆ మాట చెప్పడం తేలికైన పని కాదు.

దానితోపాటు మరొక తప్పు కూడ జరిగినది. చూడవచ్చే జనంకోసం జెయంట్ ఫారెస్ట్‌లోనే, చెట్ల వేళ్లమీదనే వసతిగృహాలు, దుకాణాలు, పెట్రోలు బంకు, కార్లు నిలిపే స్థలాలు కట్టారు. సెకోయా వేళ్లు ఎత్తుకు తగినంత లోతుకు పోవు. పై పొరలోనే ఎకరం మేర ప్రాకుతాయి. రాకపోకలతో నేల గట్టిపడి, నీరింకక, వేళ్లు నలిగినవి. 1920లో పర్యవేక్షకునిగా వచ్చిన కల్నల్ జాన్ వైట్ ఈ ప్రమాదాన్ని కనిపెట్టి కట్టడాలను అక్కడినుండి తరలించాలని వాదించాడు. వ్యాపారం చేసుకొనేవారు ఒప్పుకొనలేదు. ఏటేటా అక్కడే బస చేసే అలవాటున్న యాత్రికులూ ఇష్టపడలేదు. ఆయన పదవిలో ఉన్నంతకాలం ఆ పని నెరవేరలేదు. చివరకు 1990ల చివరి సంవత్సరాలలో 280కి పైగా కట్టడాలను పడగొట్టి, నేలను తిరిగి గుల్లబరచి, అడవికి వదలిపెట్టారు. 1928లో కట్టిన దుకాణభవనాన్ని ఒకదానిని మాత్రం మ్యూజియంగా మార్చారు. నేను అక్కడ చూచిన వస్తువులన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగించినది ఇక కనబడని ఆ కట్టడాలే. కట్టడం చేతనైన సంస్థలు లోకంలో చాల ఉన్నవి. తాము కట్టినది తప్పని తెలిసినప్పుడు తామే తొలగించుకొన్న సంస్థలు బహు అరుదు.

అయితే తప్పును ఒప్పుకొన్నంత మాత్రాన దాని ఫలితం తప్పదు. అదుపులో పెట్టే మంట కొన్ని తోపులకే అందినది. మిగిలిన అడవిలో ఇంధనం పేరుకొనే ఉన్నది. దానికి తోడు భూమి వేడెక్కుతున్నది. 2012 నుండి 2016 వరకు వచ్చిన తీవ్రమైన కరవులో అడవిలోని ఇతర వృక్షాలు విపరీతంగా ఎండిపోయినవి. 2020 ఆగస్టులో పిడుగుపాటు వల్ల పుట్టిన క్యాసిల్ మంటలో 7,500 నుండి 10,600 వరకు పెద్ద సెకోయాలు నశించినవని శాస్త్రజ్ఞుల అంచనా. 2021 సెప్టెంబరులో వచ్చిన మంటలలో మరి 2,261 నుండి 3,637 వరకు పోయినవి లేదా పోతాయని లెక్కకట్టారు. అంటే లోకంలోని పెద్ద సెకోయాలలో నూటికి 13 నుండి 19 వరకు రెండే సంవత్సరాలలో అంతరించిపోయినవి. వేల ఏళ్లుగా ఎన్నో మంటలను భరించిన చెట్లు ఈ మంటలను భరించలేకపోయినవి. 2021లో షెర్మన్ చెట్టు మొదలుకు వెండిరంగు అల్యూమినియం రేకు చుట్టిన చిత్రం పత్రికలలో చూచినవారికి గుర్తుండే ఉంటుంది. నిజానికి జెయంట్ ఫారెస్ట్‌ను ప్రధానంగా కాపాడినది ఆ రేకు కాదు. అంతకుముందు దశాబ్దాలుగా అక్కడ పెట్టుతూ వచ్చిన చిన్న మంటలు. దిద్దుకొన్న తప్పు రక్షించినది. దిద్దుకొనడానికి వీలుపడనిచోట శిక్ష పడినది.

ఇప్పుడు వారి ముందున్న ప్రశ్న మరింత జటిలమైనది. అతితీవ్రంగా కాలిన కొన్ని తోపులలో విత్తనమిచ్చే తల్లిచెట్లే మిగలలేదు. అటువంటిచోట మనుషులు మొక్కలు నాటవచ్చునా, కూడదా? నాటాలని వనశాఖ 2023లో నిశ్చయించినది. కూడదని కొందరు అరణ్యప్రేమికులు న్యాయస్థానానికి ఎక్కారు. వారి వాదం కొట్టిపారవేయదగినది కాదు. అరణ్యమంటే మనిషి చేయి పడని చోటు. అందులో మొక్కలు నాటితే అది తోట అవుతుంది కాని అరణ్యం కాదంటారు. పూర్వం తప్పులు చేసినవారు కూడ మేలు చేస్తున్నామనే నమ్మకంతోనే చేశారు గదా, ఈసారి పొరపడరని హామీ ఏమిటని అడుగుతారు. కాలినచోట మొలకలు వాటంతటవే వస్తున్నాయి, ఓపికపట్టండి అంటారు.

నా అభిప్రాయం నాటాలనేవారి పక్షమే. చేయి పడని అరణ్యమన్నది అక్కడ ఏనాడూ లేదు. ఆదివాసుల చేతిమంట వేల ఏళ్లు ఆ అడవిని దిద్దినది. ఆ చేతిని తొలగించినదీ మనిషే. తరువాత ప్రతి మంటనూ ఆర్పినదీ మనిషే. గాలిని వేడెక్కించినదీ మనిషే. ఇంత జరిగిన తరువాత చేతులు కట్టుకొని ‘ప్రకృతే చూచుకొంటుంది’ అనడం వినయంవలె కనిపిస్తుంది కాని నిజానికి అది అప్పు ఎగవేయడమే. అయితే ఎదుటివారి హెచ్చరికను కూడ మనస్సులో ఉంచుకోవాలి. మొలకలు వాటంతటవే వచ్చినచోట నాటకూడదు. నాటినచోట ఏటేటా వెళ్లి చూచి, పొరపాటైతే ఒప్పుకొని ఆపివేయాలి. పాత అధికారుల తప్పు వారు పని చేయడంలో లేదు. తమ పనిని తిరిగి పరీక్షించుకొనకపోవడంలో ఉన్నది. మొక్క నాటడాన్ని సదఖాగా ఎంచే సంప్రదాయంలో పెరిగినవాణ్ణి గనుక ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉన్నదంటే కాదనను.

ఇదంతా సముద్రాల అవతలి కథ, మనకేమని కొందరనవచ్చు. మహబూబ్‌నగర్ వద్ద ఉన్న పిల్లలమర్రిని ఎరుగనివారు మనలో తక్కువ. వందల ఏళ్ల ఆ మర్రి నీడలో ఒక వలీ దర్గా ఉన్నందువల్ల దానిని పీర్లమర్రి అని కూడ అంటారు. హిందువులు, ముస్లిములు తరతరాలుగా ఆ నీడన చేరి భోజనాలు చేశారు. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ ఒకటి విరిగిపడినది. చూడగా చెదలు తినివేసినది. మరుసటి సంవత్సరం రోగికి సెలైన్ ఎక్కించినట్లు సీసాలు కట్టి ఆ చెట్టుకు మందు ఎక్కించారు. మనం కూడ మన పెద్దచెట్టును ప్రేమించాము, చూపించాము, దాని క్రింద తిన్నాము. దానికేమి కావాలో మాత్రం కొమ్మ విరిగినదాక అడగలేదు.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు పై చదువులకు అమెరికా వెళతారు. సెలవు దొరికినప్పుడు నలుగురు కలిసి కారులో ఆ కొండలకు తప్పక వెళ్లండి. షెర్మన్ చెట్టు ముందు చిత్రం తీసుకొనండి, తప్పులేదు. తరువాత ఒక గంట జనం లేని కాలిబాటన నడవండి. నల్లగా కాలిన మానులను, వాటి మొదట మోకాలెత్తు లేచిన పసిమొక్కలను చూడండి. ఆ మొక్క పెద్దచెట్టయ్యేసరికి మనమూ ఉండము, మన భాషలు ఏ రూపంలో ఉంటాయో కూడ తెలియదు. అయినా దానిని కాపాడే మనుషులున్నారు. ఫలం తమకు దక్కదని తెలిసి చేసే పనిని చూడడం కూడ ఒక విద్యే.

కమిటీ పెద్దలకు ఒక్క విన్నపంతో ముగిస్తాను. మన కళాశాల ముందున్న మూడు వేపచెట్ల చుట్టూ మట్టి కనబడకుండ సిమెంటు గచ్చు చేయించి, వాహనాలు నిలుపుకొనడానికి వీలు కల్పించాలని ఒక ప్రతిపాదన ఉన్నట్లు విన్నాను. పిల్లలకు, ఉపాధ్యాయులకు సౌకర్యం కలిగించాలన్న సదుద్దేశంతోనే ఆ ఆలోచన వచ్చినదనడంలో సందేహం లేదు. జెయంట్ ఫారెస్ట్‌లో కట్టడాలు లేపినవారి ఉద్దేశం కూడ సదుద్దేశమే. వారికి తప్పు తెలుసుకొనడానికి, దిద్దుకొనడానికి దాదాపు నూరేళ్లూ, అపారమైన ధనమూ ఖర్చయినవి. మనకు అంత కాలమూ లేదు, అంత ధనమూ లేదు. ఒక్కొక్క చెట్టు మొదటి చుట్టూ కొమ్మల నీడ పడినంత మేర మట్టిని వదలి, వాహనాలకు పడమటి గోడవెంట స్థలం చూపితే సరిపోతుంది. పెద్దల నిర్ణయమేదైనా శిరసావహిస్తాను. అయితే గచ్చు పోయకముందు ఒక్కసారి ఆ వేపల క్రింద నిలబడి, వాటికేమి కావాలో ఆలోచించవలసినదిగా ప్రార్థిస్తున్నాను. తప్పు చేసి ఒప్పుకొనడం గొప్పదే. ముందుగా ఆలోచించి ఆ తప్పు చేయకుండ ఉండడం అంతకంటె గొప్పది, అంతకంటె చౌక కూడ.